బర్నర్ అరిగితే బిల్లు ఎవరికి? మన వంటింటి మంట చరిత్ర

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. ఫోన్ చేతిలోనే ఉంచుకుని ఒక్కసారి వంటింట్లోకి వెళ్లండి. స్టవ్ వెలిగించి మంట రంగు చూడండి. నీలంగా, పళ్ల వరసలాగా సమానంగా ఉందా? లేకపోతే ఒక పక్క పసుపుగా లేచి, ఇంకో పక్క అసలు లేకుండా ఉందా? పనిలో పనిగా గిన్నె అడుగు కూడా చూడండి. మసి ఉందా?

చూశారా? ఓకే. మీరు చూసిన ఆ పసుపు మంట వెనక ఎంత కథ ఉందో ఈరోజు చెప్పుకుందాం. ఇందులో హైదరాబాద్‌లో ఒక ఇంజనీర్ ఉన్నారు, ఇంగ్లండ్‌లో ఒక బొగ్గు గని ఉంది, మన రాష్ట్రంలో రెండు దీపం పథకాలున్నాయి, మా జి. కొండూరు మండలంలో పారే బుడమేరు కూడా ఉంది. అన్నిటికీ మధ్యలో ఉన్నది మాత్రం కొన్ని వందల రూపాయల ఇత్తడి ముక్క. దాని పేరు బర్నర్.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఒక మాట రోజూ వినేవాణ్ణి. కొత్త ఫీచర్ లాంచ్ చేస్తే కేక్ కట్ చేస్తారు, పాత కోడ్‌కి మెయింటెనెన్స్ చేస్తే ఎవరూ థ్యాంక్స్ కూడా చెప్పరు అని. మన వంటింటి చరిత్ర చదువుతుంటే అదే గుర్తొచ్చింది. లాంచ్‌ల తేదీలు అన్నీ దొరుకుతాయి. మెయింటెనెన్స్ గురించి వెతకాలి.

మట్టి పొయ్యి, హైదరాబాద్ ఇంజనీర్

మాది మామిడి తోటల ఏరియా. నూజివీడు, మైలవరం, జి. కొండూరు, ఎటు చూసినా రసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయలు. తోట ఉంటే కట్టెలకు లోటుండదు. కొమ్మలు కొట్టినప్పుడు, గాలివానకు చెట్టు పడినప్పుడు, ముసలి చెట్టు తీసేసినప్పుడు పొయ్యిలోకి కావలసినంత దొరుకుతుంది. మా అమ్మమ్మ ఇంట్లో పొయ్యి పక్కన ఊదుడు గొట్టం ఎప్పుడూ ఉండేది. ఆవిడ దగ్గు కూడా ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేది. ఆ రెండిటికీ సంబంధం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.

సైన్స్ మాత్రం చెప్పింది. కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్లు ఎంత పొగ పీలుస్తున్నారో కొలిచాడు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, 2020లో ఒక్క సంవత్సరంలో ఇంటి లోపలి పొగ వల్ల ప్రపంచంలో దాదాపు 32 లక్షల మంది చనిపోయారు. కరోనా గురించి మనం రోజూ లెక్కలు చూసిన సంవత్సరం అది. ఈ లెక్క ఎవరి ఫోన్‌కీ నోటిఫికేషన్‌గా రాలేదు.

కానీ దీనికంటే చాలా ముందే, మన దగ్గర ఒకాయన ఈ సమస్య పట్టుకున్నారు. డాక్టర్ ఎస్.పి. రాజు, హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్ డైరెక్టర్. డ్యాములు, రోడ్ల మీద పరిశోధన చేసే చోట కూర్చుని ఆయన మట్టి పొయ్యి గురించి ఆలోచించారు. 1950ల్లో ఆయన రాసిన చిన్న పుస్తకం పేరు 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్'. ఐడియా చాలా సింపుల్. పొయ్యి లోపల మట్టితోనే ఒక దారి కట్టి, ఒక మంట మీదే రెండు మూడు గిన్నెలు పెట్టేలా చేసి, చివర్లో పొగ గొట్టం పెట్టి పొగను ఇంటి బయటికి పంపడం. దాన్ని ఆ ల్యాబ్ పేరుతోనే హెర్ల్ పొయ్యి అన్నారు. ఖర్చు దాదాపు సున్నా, మన మట్టే, మన చేతి పనే.

తర్వాత 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002 దాకా నడిచింది. దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఇచ్చామని లెక్క. మరి అవన్నీ ఏమయ్యాయి? మట్టి పగిలింది. గొట్టం మసితో పూడుకుపోయింది. గొట్టం పూడితే పొగ ఎటు పోతుంది? తిరిగి ఇంట్లోకే. చాలా పొయ్యిలు ఒకటి రెండేళ్లకే పనికిరాకుండా పోయాయి. డిజైన్‌లో పెద్ద తప్పు లేదు. గొట్టం శుభ్రం చేయడం, పగులు పూడ్చడం ఎవరి పని అనేది మాత్రం ఎవరూ తేల్చలేదు.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ వస్తుంది.

ఒక రంధ్రం ఎందుకంత ముఖ్యం

ఇప్పుడు 1812కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో ఫెలింగ్ అనే చోట బొగ్గు గనిలో పేలుడు జరిగింది. 92 మంది చనిపోయారు. గనిలో మీథేన్ గ్యాస్ ఉంటుంది, కార్మికుడి చేతిలో దీపం ఉంటుంది. దీపం లేకపోతే పని జరగదు, ఉంటే ప్రాణం పోతుంది.

1815లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఒక విషయం కనిపెట్టాడు. దీపం చుట్టూ సన్నటి లోహపు జల్లెడ పెడితే, గాలీ గ్యాసూ లోపలికి వెళ్తాయి, వెలుగు బయటికి వస్తుంది, కానీ మంట మాత్రం జల్లెడ దాటదు. ఎందుకంటే రంధ్రం చాలా సన్నగా ఉంటే, దాని చుట్టూ ఉన్న లోహం మంటలోని వేడిని లాగేసుకుంటుంది. వేడి తగ్గితే మంట ఆరిపోతుంది. అంటే, మంట దూరాలంటే రంధ్రానికి కనీసం ఇంత సైజు ఉండాలి అనే లెక్క ఉంది.

ఇప్పుడు మీ బర్నర్ చూడండి. అంచు చుట్టూ వరసగా సన్న రంధ్రాలు. కింద జెట్ నుంచి గ్యాస్ వేగంగా వస్తుంది. ఆ వేగమే పక్కనున్న గాలిని లోపలికి లాక్కుంటుంది. గొట్టంలో గ్యాసూ గాలీ కలుస్తాయి, పైన రంధ్రాల దగ్గర వెలుగుతాయి. గ్యాస్‌కి ముందే గాలి కలపాలన్న ఈ పద్ధతికి పేరు తెచ్చింది జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో రాబర్ట్ బున్సెన్. 1855లో ఆయన చెప్పిన ఐడియాకి బర్నర్ తయారుచేసింది ఆ ల్యాబ్ మెకానిక్ పీటర్ డెసాగా. ఇంటర్ ల్యాబ్‌లో మనం వెలిగించిన బున్సెన్ బర్నర్ అదే. పేరు ప్రొఫెసర్‌కి వచ్చింది, మెకానిక్‌ని మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యుటేన్. ఒక పాలు గ్యాస్ పూర్తిగా కాలాలంటే 25 నుంచి 30 పాళ్ల గాలి కావాలి. అంత గాలి అందితే నీలం మంట. అందకపోతే కాలని కార్బన్ మెరుస్తుంది, అదే పసుపు రంగు. ఆ కార్బనే గిన్నె అడుగున మసి. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. అది కనపడదు, వాసన రాదు.

బర్నర్ ఎలా అరుగుతుందంటే, పాలు పొంగుతాయి, పులుసు కారుతుంది, గంజి పడుతుంది. ఉప్పు, పులుపు, వేడి మూడూ కలిసి ఇత్తడిని తింటాయి. కొన్ని రంధ్రాలు పూడుతాయి. మనం పిన్నీసు పెట్టి గీకుతాం. గీకి గీకి కొన్ని రంధ్రాలు పెద్దవవుతాయి. ఇక డేవీ చెప్పిన లెక్క తప్పుతుంది. మంట రంధ్రం దాటి లోపలికి వెళ్లి జెట్ దగ్గర మండటం మొదలుపెడుతుంది. స్టవ్ ఆపుతుంటే 'టప్' మని శబ్దం వినిపిస్తుంది చూడండి, అది మంట లోపలికి జారిన శబ్దం. రోజూ వస్తుంటే మాత్రం బర్నర్ మార్చే టైమ్ వచ్చినట్టే.

గ్యాస్ కోసం క్యూ

1950ల మధ్యలో బర్మా షెల్ కంపెనీ 'బర్‌షేన్' పేరుతో బొంబాయిలో వంట గ్యాస్ అమ్మడం మొదలుపెట్టింది. విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ 1957లో మొదలైంది, ఇప్పుడు అది హెచ్‌పీసీఎల్‌ది. 1965 అక్టోబర్ 22న కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షన్ ఇచ్చారు.

కానీ మధ్యతరగతికి కూడా గ్యాస్ అందనంత దూరంలో ఉండేది. అప్లికేషన్ పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. ఎంపీలకు గ్యాస్ కనెక్షన్ల కోటా ఉండేది, వాళ్ల కూపన్ ఉంటే క్యూ దాటొచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఈ కూపన్ కథలు చెబుతారు.

అప్పటిదాకా ఏం వాడేవాళ్లు? కుంపటి, పొట్టు పొయ్యి, వత్తుల కిరసనాయిలు స్టవ్, పంపు స్టవ్. పంపు స్టవ్‌కి మూలం 1892లో స్వీడన్‌లో మొదలైన ప్రైమస్. దానికి ఒక సన్నటి పిన్ను ఉండేది గుర్తుందా? రేకు పిడికి ఒక తీగ ముక్క. జెట్ పూడినప్పుడల్లా ఆ పిన్నుతో పొడవాలి. అది కిరాణా కొట్లోనే దొరికేది. ఎంత పాత స్టవ్ అయినా, ఇంట్లో ఎవరైనా రిపేర్ చేసుకునేలా ఉండేది. స్టవ్ కొన్నరోజే దాని మెయింటెనెన్స్ కూడా ఇంటికి వచ్చేది.

మా జి. కొండూరు పక్కనే కొండపల్లి. కొండపల్లి అనగానే అందరికీ తెల్ల పొణికి చెక్క బొమ్మలు గుర్తొస్తాయి. మాకైతే ఆయిల్ కంపెనీల డిపోలు, గ్యాస్ బాట్లింగ్ ప్లాంట్ కూడా గుర్తొస్తాయి. మా రోడ్డు మీద సిలిండర్ల లారీలు చూస్తూనే పెరిగాం. ఆ లారీలు వెళ్తున్న రోజుల్లోనే రోడ్డు పక్క ఇళ్లలో కట్టెల పొగ లేస్తుండేది.

దీపం

1999 జూలై 9న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టింది. డ్వాక్రా గ్రూపుల్లో ఉన్న పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్. సిలిండర్, రెగ్యులేటర్ డిపాజిట్ వెయ్యి రూపాయలు ప్రభుత్వమే కట్టింది. దేశంలో ఉజ్వల రావడానికి 17 ఏళ్ల ముందు సంగతి ఇది. ఆ విషయంలో మనవాళ్లు నిజంగా ముందున్నారు.

స్టవ్ మాత్రం ఆమే కొనుక్కోవాలి. కూలికి వెళ్లే మనిషి స్టవ్ కొనాలంటే ఏది కొంటుంది? చవకైనది. పల్చటి రేకు, తేలికైన బర్నర్. పల్లెల్లో చాలా ఇళ్లలో గ్యాస్ టీకి, పొద్దున హడావిడికి, చుట్టాలొస్తే వాడేవాళ్లు. అన్నానికి, నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యే. సిలిండర్‌కి డబ్బు పెట్టాలి, తోటలో కొమ్మ ఊరికే వస్తుంది.

2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్వల మొదలైంది. 2019 సెప్టెంబర్‌కల్లా 8 కోట్ల కనెక్షన్లు. చాలా పెద్ద పని, కాదనలేం. కానీ అదే 2019లో కాగ్ రిపోర్ట్ వచ్చింది. కనెక్షన్ తీసుకుని ఏడాది దాటిన ఉజ్వల వినియోగదారులు ఏడాదికి సగటున 3.66 సిలిండర్లే తీసుకుంటున్నారని తేల్చింది. అంటే కనెక్షన్ ఉంది, మంట మాత్రం ఇంకా కట్టెలదే. తర్వాత 2021లో ఉజ్వల రెండో దశలో స్టవ్, మొదటి సిలిండర్ ఫ్రీగా ఇచ్చారు. 2024 నవంబర్ 1న మన రాష్ట్రంలో దీపం-2 మొదలైంది. శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభించారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం.

వరస చూడండి. మొదట డిపాజిట్, తర్వాత స్టవ్, తర్వాత గ్యాస్. ఒక్కో పథకం ఒక్కో ఖర్చు తగ్గించింది. బర్నర్ అరిగితే? అది ఇంకా ఆమె లెక్కలోనే ఉంది.

ఒక చిన్న లెక్క

'ఇంత చిన్న బర్నర్‌కి ఇంత బిల్డప్ ఎందుకు బ్రో' అనిపిస్తోందా? లెక్క వేద్దాం.

మన దేశంలో ఇంటి గ్యాస్ స్టవ్‌లకి ఐఎస్ 4246 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం స్టవ్‌కి కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలి. అంటే గ్యాస్‌లోని 100 పాళ్ల వేడిలో 68 పాళ్లు గిన్నెకి చేరాలి. ఇప్పుడు ఉదాహరణకి బర్నర్ అరిగి అది 58కి పడింది అనుకుందాం. 14.2 కేజీల సిలిండర్ మీ ఇంట్లో 40 రోజులు వచ్చేదైతే, ఇప్పుడు 34 రోజులే వస్తుంది. ఏడాదికి చూస్తే, 9 సిలిండర్ల చోట దాదాపు పదిన్నర కావాలి.

అదనంగా ఒకటిన్నర సిలిండర్. ఉచితంగా వచ్చే మూడింటిలో సగం, అరిగిన బర్నర్ తినేసినట్టు. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది, ఆమెకి అందింది, కానీ గిన్నెకి చేరకుండా వంటింటి గాల్లో కలిసిపోయింది. పైగా మసి గిన్నెలు తోమే పని ఎక్స్‌ట్రా. 'ఈ గ్యాస్ దేనికీ రావట్లేదు' అని ఆమె మళ్లీ కట్టెలవైపు తిరిగితే, తప్పు ఆమెది అనగలమా?

బుడమేరు తర్వాత

2024 సెప్టెంబర్ 1. విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. బుడమేరు నీళ్లు. ఆ బుడమేరు మీద వెలగలేరు రెగ్యులేటర్ ఉన్నది మా జి. కొండూరు మండలంలోనే.

నీళ్లు తగ్గాక సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ల ఇంటికి వెళ్లాను. ఒక్కో ఇంటి ముందు పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు, వాటి పక్కన బురద నిండిన స్టవ్‌లు. అందరూ ఫ్రిజ్, టీవీ గురించి బాధపడుతున్నారు. పిన్ని మాత్రం స్టవ్ గురించే అడిగింది. 'టీవీ లేకపోతే బతుకుతాం నాన్నా, పిల్లలకి పొద్దున్నే ఏం పెట్టాలి?' అంది.

వీధి చివర ఒక మెకానిక్ అన్న గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. పక్కన స్టవ్‌ల వరస. మామూలు రోజుల్లో మైకు కట్టుకుని 'గ్యాస్ స్టవ్‌లు, కుక్కర్లు, మిక్సీలు రిపేర్ చేస్తాం' అంటూ తిరిగేవాళ్లు ఉంటారు కదా, అలాంటి మనిషే. ఆయన బర్నర్ తీస్తాడు, కింద గొట్టంలో గట్టిపడ్డ బురద తీగతో లాగుతాడు, జెట్ విప్పి వెలుగుకి పెట్టి చూస్తాడు. తుప్పు తిన్న నట్టు కోసి కొత్తది వేస్తాడు. 'అన్నా, కొత్త స్టవ్ కొనుక్కుంటే సరిపోదా?' అన్నాను. 'కొనేవాళ్లు కొంటారు తమ్ముడూ. కొనలేనోళ్లకి ఈ రెండు బర్నర్లు మారిస్తే ఇంకో ఐదేళ్లు నడుస్తది' అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆ వారంలో ఆయన వెలిగించిన మంటలు ఏ లిస్టులోనూ ఎక్కి ఉండవు. పీటర్ డెసాగా గుర్తొచ్చాడు నాకు.

ఇంతకీ ఎలా మార్చాలి

ఇది చాలా ఈజీ, అయినా జాగ్రత్తగా వినండి.

ముందు రెగ్యులేటర్ ఆపాలి. స్టవ్ నాబ్ ఆపితే సరిపోదు. బర్నర్ పూర్తిగా చల్లారాక పై ఇత్తడి భాగం ఎత్తి చూడండి. చాలా స్టవ్‌లలో చేత్తోనే వచ్చేస్తుంది. బోర్లించి సమతలం మీద పెట్టండి. ఊగితే వంగినట్టు. రంధ్రాలు కలిసిపోయినా, పగులు ఉన్నా, గొట్టం మీద సరిగ్గా కూర్చోకపోయినా మార్చేయండి.

అన్ని స్టవ్‌లకీ ఒకే బర్నర్ పట్టదు. అందుకే పాతది షాపుకి తీసుకెళ్లి, పక్కపక్కన పెట్టి కొలత చూసి కొనండి. ఇత్తడి కాబట్టి పాతది తూకానికి వేయొచ్చు, ఎంతో కొంత తిరిగొస్తుంది. కొత్తది కూర్చోబెట్టాక మంట చుట్టూ సమానంగా, నీలంగా రావాలి.

జెట్ రంధ్రాన్ని మాత్రం పెద్దది చేయొద్దు. మంట పెరిగిందని సంతోషపడతాం గానీ, గ్యాస్ పెరిగి గాలి చాలక మళ్లీ పసుపే వస్తుంది. జెట్, నాబ్ వాల్వ్ పని మెకానిక్‌కే వదిలేయండి. రబ్బరు ట్యూబ్ ఐదేళ్లకోసారి మార్చాలి, దాని మీద తేదీ ఉంటుంది. లీకు అనుమానం ఉంటే సబ్బు నురగ రాసి బుడగలు చూడండి. అగ్గిపుల్లతో చెక్ చేయొద్దు, ప్లీజ్. ఎల్పీజీ గాలికంటే బరువు, పైకి పోకుండా నేల మీద పాకుతుంది. 1997 సెప్టెంబర్ 14న విశాఖ రిఫైనరీలో లీకైన గ్యాస్ అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. మన వంటింట్లో గ్యాస్ తక్కువే, కానీ దాని స్వభావం అదే.

అమెరికాలో ఉన్న మన ఫ్రెండ్స్‌కి కూడా ఒక మాట. మీ పెరట్లో గ్యాస్ గ్రిల్ ఉంటుంది కదా, వీకెండ్‌లో మొక్కజొన్న కంకులు, చికెన్ కాలుస్తారు. దాని బర్నర్లు పొడుగు స్టీలు గొట్టాలు. ఉప్పు, మసాలా, నూనె కారి అవీ తుప్పు పడతాయి. చలికాలమంతా వాడకపోతే గొట్టంలో సాలెపురుగు గూడు కడుతుంది. గాలి దారి మూసుకుపోతే మంట వెనక్కి తంతుంది. అందుకే సీజన్‌కి ముందు తీసి, దులిపి, పగిలితే మార్చండి. డల్లాస్ అయినా జి. కొండూరు అయినా డేవీ లెక్క ఒకటే.

అడగాల్సిన ప్రశ్న

ఎస్.పి. రాజు గారి పొయ్యి గొట్టం మసితో పూడింది. దీపం స్టవ్ బర్నర్ ఉప్పుతో పూడింది. మధ్యలో యాభై ఏళ్లు గడిచాయి, ఇంధనం మారింది. ఇచ్చిన తేదీ రెండిటికీ రికార్డులో ఉంది. బాగుచేసే బాధ్యత మాత్రం రెండుసార్లూ ఆమె మీదే పడింది.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదని నా అభిప్రాయం. ఉచిత సిలిండర్ ఇంటికి తెచ్చినప్పుడు మంట రంగు చూసే పని కూడా పెట్టండి. రెండు మూడేళ్లకోసారి బర్నర్ జత సబ్సిడీలో ఇవ్వండి. డ్వాక్రా గ్రూపులో ఒకరిద్దరికి స్టవ్ రిపేర్ నేర్పండి, ఊళ్లోనే ఉపాధి దొరుకుతుంది. ఒకటిన్నర సిలిండర్ ఆదా ముందు ఈ ఖర్చు చిన్నదే.

ప్రభుత్వం చేసేలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ఈ ఆదివారం మీ ఇంట్లో, పక్కింటి పెద్దావిడ ఇంట్లో స్టవ్ మంట చూడండి. పసుపుగా ఉంటే బర్నర్ ఎత్తి, కడిగి, అవసరమైతే కొత్తది తెచ్చి పెట్టండి. రీల్ తీయకపోయినా పర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కొండపల్లి బొమ్మల దగ్గరికి వెళ్దాం. ఆ పొణికి చెట్లు ఇప్పుడు ఎక్కడున్నాయో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను.